పక్కకి లాగే బండి

బావమరిది బతకగోరతాడు, దాయాది చావగోరతాడు అని సామెత కట్టినవాడికి బావమరిది ఉండి ఉండడు. ఉన్నా, వాడితో చెరిసగం పెట్టుకుని పాత కారు కొని ఉండడు. కొని ఉంటే ఆ సామెతని తిరగేసి కట్టేవాడు. ఇదీ మేస్త్రి అభిప్రాయం. ఈ అభిప్రాయాన్ని ఆయన దాచుకోలేదు. వినే ఓపిక ఉన్నవాడికీ చెప్పాడు, లేనివాడి భుజం పట్టుకుని మరీ చెప్పాడు.

మేస్త్రి అంటే కార్ల మేస్త్రి. ఐదో తరగతి పుస్తకాలు అటక మీద పారేసి పానా పట్టిన చెయ్యి, యాభై దాటినా దించలేదు. చెయ్యి మంచిది. నోరే చేదు. భార్య తమ్ముణ్ణి అందరూ లప్పం అంటారు. సొట్టలు తీసి రంగులేసే పని అతనిది. సుత్తికి లొంగని సొట్ట మీద ఇంత లప్పం పూసి, గరుకు కాగితంతో నున్నగా రుద్ది, రంగు కొట్టి అప్పజెబుతాడు కాబట్టి ఆ పేరు. "లోకంలో లప్పంతో పూడని గుంట లేదని వాడి నమ్మకం. రేపు నేను పోయినా, నేను కూర్చునే చోట ఇంత లప్పం పెట్టి రుద్దేస్తాడు" అనేవాడు మేస్త్రి. లప్పం నవ్వేవాడు. వాడు దేనికైనా నవ్వుతాడు. అదే మేస్త్రికి ఒళ్లు మంట.

కారు దొరికింది ఓ ముసలి డాక్టరు ఇంటి వెనక, కోళ్ల షెడ్డులో. ఇద్దరు మాత్రమే పట్టే పందెం బండి. టాపు లేదు. నేలకి కరుచుకుపోయినట్టు ఉంది. తీగల చక్రాలు, పొడుగాటి మూతి. డ్రైవరు సీట్లో ఒక పెట్ట పొదుగుతూ, వచ్చినవాళ్లని ఎగాదిగా చూసి ముక్కు సాచింది. మేస్త్రి వంగి, బానెట్టు కింద చెయ్యి పెట్టి, ఇంజను దిమ్మని ఒకసారి తడిమాడు. వేళ్లకి మసి, తుప్పు, కోడి ఈక అంటుకున్నాయి. అంతే, మనిషి ఆ బండి మోజులో పడిపోయాడు.

ఎందుకు పడిపోయాడంటే, ఆ ఊరి శివార్లలో వాడకం మానేసిన విమానాల రన్‌వే ఒకటుంది. ఏడాదికోసారి అక్కడ పాత కార్ల పందెం జరుగుతుంది. ఏళ్ల తరబడి ఆ పందేనికి వెళ్లే కార్లని తయారుచేసింది మేస్త్రే. పందెం బండ్ల యజమానులది, మసి ఇతనిది. తను బిగించిన ఇంజను అవతల గాండ్రిస్తూ పోతుంటే, ఇవతల కంచె పట్టుకుని నిలబడి, "మూడో గేరు తొందరగా వేశాడు వెధవ" అని గొణుక్కోవడమే ఆయన పాలిట పందెం. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, కంచెకి అటువైపు కూర్చోవాలి. తన పేరు ఎదురుగా తన టైము బోర్డు మీద పడాలి. ఇంకేమీ అక్కర్లేదు. ఈ కోరిక భార్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారు.

భార్య కుట్టుపని చేస్తుంది. "కొనండి. సీట్లు నేను కుడతాను. కానీ ఒక్కరి వల్ల అయ్యేపని కాదు, తమ్ముణ్ణి కూడా కలుపుకోండి" అంది. అక్కడే తప్పు జరిగిందని మేస్త్రి లెక్క.

బండిని ఇంటి వెనక షెడ్డులోకి తోసుకొచ్చారు. మొదటి నెలలు బాగానే గడిచాయి. పిస్టన్లు పట్టేసి ఉంటే మేస్త్రి సిలిండర్లలో కిరసనాయిలు పోసి, రోజూ పొద్దున్నే వచ్చి పానాతో క్రాంకుని బతిమాలేవాడు. ఒకరోజు అది నిద్రలో ఒత్తిగిల్లినట్టు కదిలింది. "కదిలిందిరోయ్!" అని కేకేస్తే, లప్పం పరుగెత్తుకొచ్చి బావని ఎత్తేసినంత పని చేశాడు. లప్పం ఇసక సంచి మీద రేకు పెట్టి చెక్క సుత్తితో కొడుతుంటే, మూతి మీది సొట్టలు ఒక్కటొక్కటే లేచేవి. ఆ బండికి మాత్రం వాడు లప్పం వాడలేదు. ఇది మేస్త్రి గమనించాడు. గమనించినట్టు కనబడలేదు.

గొడవ టీ కొట్టు దగ్గర మొదలైంది. పందెంలో బండి ఎవరు నడుపుతారని ఎవరో అడిగారు.

"నేనే" అన్నాడు మేస్త్రి.

"బావా, నీకీమధ్య చూపు కాస్త మందగించింది కదా" అన్నాడు లప్పం, టీలో బిస్కెట్టు ముంచుతూ. "మొన్న ఎదురుగా వస్తున్న అక్కని చూసి, ఎవరండీ మీరు, బండి రిపేరా అని అడిగావు."

కొట్టంతా గొల్లుమంది. మేస్త్రి నవ్వలేదు. "నాకు చూపు లేకపోతే నీకు పొట్ట ఉందిరా. ఆ స్టీరింగు వెనక నువ్వు దూరాలంటే సబ్బు రాయాలి. దూరాక బయటికి తియ్యాలంటే బండి కొయ్యాలి."

మళ్లీ గొల్లుమన్నారు. మేస్త్రి టీ సగంలో వదిలేసి లేచి వచ్చేశాడు. పొట్ట మీద మాట పడితే మనిషి చచ్చిపోడు. చూపు మీద పడితే, మేస్త్రి పని ముగిసినట్టే. మర్నాడు ఇద్దరు గిరాకీలు బండి ఇవ్వడానికి వచ్చి, "కళ్లు పరీక్ష చేయించుకున్నారా మేస్త్రీ?" అని అడిగారు. ఆ రోజు నుంచి బావకీ బావమరిదికీ మాటల్లేవు.

మాటల్లేకపోయినా పని ఆగలేదు. పొద్దున పూట మేస్త్రి. మధ్యాహ్నం నుంచి లప్పం. రంగు మీద దుమ్ము పడకూడదు కాబట్టి ఎలాగూ వేరు వేరు వేళలే మంచివని ఇద్దరూ విడివిడిగా అనుకున్నారు. ఎవరు నడపాలన్నది తేల్చింది మేస్త్రి భార్యే. "మా తమ్ముడికి ఇంకా వయసుంది. మీకు లేదు. మీరే నడపండి" అంది. మేస్త్రి గెలిచానని సంతోషించాలో, వయసుమళ్లిందన్నందుకు ఏడవాలో తెలియక, ఊ అన్నాడు.

ఇద్దరికీ మధ్య ఏం చెప్పుకోవాలన్నా ఆవిడ నోటి మీదుగానే. ఆవిడకి కావల్సింది ఇంట్లో శాంతి. అందుకని బియ్యంలో రాళ్లు ఏరినట్టు, వచ్చిన మాటల్లో తిట్లు ఏరి పారేసి, మిగిలింది అవతలివాళ్లకి అందించేది. కష్టమేమిటంటే, వాళ్లిద్దరి మాటల్లో తిట్టూ సంగతీ విడదీయరాకుండా కలిసి ఉండేవి. తిట్టు పోతే సంగతీ పోయేది.

ఇంజను కూతకొచ్చాక బండిని మొదటిసారి నడిపింది ఒక ఆదివారం. నంబరు పలక ఇంకా రాలేదు కాబట్టి రోడ్డెక్కించడానికి లేదు. మూతపడ్డ గిడ్డంగి ఆవరణలో, కాపలావాడిని మంచి చేసుకుని, ఆదివారం మాత్రం తిప్పుకునే వీలు చేసుకున్నారు. మేస్త్రి నడిపాడు. లప్పం గోడ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇంజను పాట బాగుంది. గేర్లు వెన్నలో కత్తిలా పడుతున్నాయి. కానీ బ్రేకు తొక్కేసరికి బండి ఎడమకి లాగింది. తొక్కినవాడికి చేతుల్లో తెలిసింది. చూసేవాడికి చక్రాల వాలులో తెలిసింది. ఇద్దరూ ఏమీ అనలేదు. అంటే మాట్లాడినట్టవుతుంది.

సోమవారం పొద్దున మేస్త్రి ఎడమ చక్రం లేపి చూశాడు. లోపల బ్రేకు షూ కాస్త బిగువుగా పట్టుకుంటోంది. షూ బిగువు సర్దే అడ్జస్టరుని టక్కుమనేదాకా వదులు చేశాడు. సరిపోయింది. చెయ్యి తుడుచుకుంటూ భార్యతో అన్నాడు, "మీ తమ్ముడికి చెప్పు. చక్రాల సంగతి నేను చూసుకున్నాను. రేకులు కొట్టే గాడిద రేకులు కొట్టుకోమను, చక్రాల జోలికొస్తే చేతులు విరుస్తానని చెప్పు."

ఆవిడ మధ్యాహ్నం తమ్ముడితో చెప్పింది, "మీ బావ నీ రేకుల పని మెచ్చుకున్నార్రా."

"ఆయనా? మెచ్చుకున్నాడా?" అని లప్పం సుత్తి దించి కాసేపు ఆలోచించాడు. తర్వాత అన్నాడు, "అక్కా, ఆ మహానుభావుడికి బ్రేకు ఎడమకి లాగుతోందని తెలియదనుకుంటా. తెలిస్తే ఈపాటికి సర్దేవాడు. నేను చెబితే చూపు సంగతి మళ్లీ లేస్తుంది. కుడి చక్రం నేను కాస్త బిగిస్తున్నానని చెప్పు. లేకపోతే ఆ పందెంలో గోడకి గుద్దుకుని చస్తాడు."

ఆవిడ సాయంత్రం భర్తతో చెప్పింది, "తమ్ముడు మీ ఆరోగ్యం గురించి బెంగపడుతున్నాడండీ."

"ఎప్పుడు పోతానా అని" అన్నాడు మేస్త్రి.

మరుసటి ఆదివారం బండి కుడికి లాగింది.

మేస్త్రి కుడి చక్రం వదులు చేశాడు. లప్పం ఎడమ చక్రం బిగించాడు. పై ఆదివారం బండి మళ్లీ ఎడమకి లాగింది. ఇలా వారం వారం, అత్తింటికీ పుట్టింటికీ మధ్య తిరిగే కొత్త కోడలిలా, అది ఒకసారి అటు, ఒకసారి ఇటు. మేస్త్రికి పిచ్చెక్కింది. ఛాసిస్ వంకరేమోనని దారం కట్టి కొలిచాడు. వంకర లేదు. నూనె కారుతోందేమోనని సీళ్లు మార్చాడు. బ్రేకు లైనర్లు తడిగా ఉన్నాయేమోనని ఎండబెట్టాడు. రాత్రి అన్నం దగ్గర కూర్చుని చేతుల్ని గాల్లో స్టీరింగు పట్టినట్టు పట్టి ఇటూ అటూ తిప్పుతుంటే, భార్య గిన్నె పక్కకి జరిపింది.

నలభై ఏళ్లుగా తన చెయ్యి పెట్టిన చోట బ్రేకు ఎదురు చెప్పలేదు. ఇప్పుడు చెబుతోంది. కళ్లు కాదు, చేతులే పోయాయేమో. ఈ మాట ఎవరితో అంటాడు? ఒకప్పుడైతే ఇలాంటి చిక్కు వస్తే, పక్క షెడ్డులో సొట్టలు తీసే లప్పం దగ్గరికి వెళ్లి, "ఒరేయ్, నువ్వోసారి చూడు" అనేవాడు. వాడు ఏదో వెర్రి మాట అనేవాడు. దాన్ని తిడుతుంటే అసలు సంగతి తట్టేది. ఇప్పుడు తిట్టడానికి మనిషి లేడు. ఒంటరిగా ఆలోచించడమంటే, అద్దం ముందు చదరంగం ఆడటమే. ఎంత ఆడినా అవతలివాడు మన ఎత్తే వేస్తాడు.

ఈలోగా బండి మాత్రం పెళ్లికూతురిలా తయారైంది. లప్పం ముదురు ఆకుపచ్చ రంగు వేశాడు. పొర మీద పొర వేసి, నీళ్లలో తడిపిన గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ పొర. అందులో మొహం చూసుకుని గడ్డం గీసుకోవచ్చు. ఆవిడ కుట్టిన గోధుమరంగు తోలు సీట్ల మీద ఒక్క కుట్టు పక్కకి పోలేదు. పక్కకి పోయేది బండి ఒక్కటే.

పందెం రోజు రన్‌వే పొడుగునా పాత టైర్లు పేర్చి మలుపులు కట్టారు. బండ్లు ఒక్కొక్కటే వెళ్లాలి. మలుపులన్నీ చుట్టి వచ్చి, చివర సున్నంతో గీసిన రెండు గీతల మధ్య ముందు చక్రాలు ఆపాలి. రెండో గీత దాటితే ఎంత వేగంగా వచ్చినా ఆ పరుగు లెక్కలోకి రాదు. పోయినేడాది ఒక బండి ఆగక నేరుగా శీతల పానీయాల బల్ల మీదికి పోయింది కాబట్టి పెట్టిన నియమం. పరుగుకి ముందు తనిఖీ. తనిఖీ ఆయన నెరిసిన మీసాలవాడు. ఎవరి బండినీ నమ్మని చూపు.

"కొంచెం ముందుకి పోనిచ్చి బ్రేకు కొట్టండి" అన్నాడు.

మేస్త్రి కొట్టాడు. బండి కుడికి ఒరిగి ఆగింది.

"ఇలా అయితే వదలను. సర్దుకోండి, మీ వంతు వచ్చేలోపు మళ్లీ చూస్తా."

మాట పూర్తికాకముందే మేస్త్రి దిగి, పానా తీసి, కుడి చక్రం దగ్గర బోర్లాపడ్డాడు. గుంపులోంచి లప్పం దూసుకొచ్చి, మోకాళ్ల మీద పడి, ఎడమ చక్రం కిందికి దూరాడు. బండి పొట్ట కింద నుంచి ఒకరికొకరు కనబడ్డారు.

"అక్కడేం చేస్తున్నావురా?" అన్నాడు మేస్త్రి. గొడవ తర్వాత బావమరిదితో అన్న మొదటి మాట అదే.

"బిగిస్తున్నా."

"నేనిక్కడ వదులు చేస్తుంటే నువ్వక్కడ బిగించడమేంటి?"

"నువ్వు వదులు చేస్తున్నావా? ఎప్పటినుంచి?"

"మొదటి ఆదివారం నుంచి."

లప్పం తల ఎత్తబోయి బండి అడుగుకి కొట్టుకున్నాడు. "నేనూ అప్పట్నుంచే బావా."

తర్వాత రెండు తలలూ ఒకేసారి బయటికొచ్చి ఆవిడవైపు తిరిగాయి.

"నన్ను చూస్తారేంటి?" అందావిడ. "మీరు పంపిన మాటలు ఉన్నవున్నట్టు చేరేస్తే ఈ పాటికి ఒకరు ఆసుపత్రిలో, ఒకరు జైల్లో ఉండేవారు."

తనిఖీ ఆయన మీసాల కింద నవ్వు దాచుకోవడానికి కష్టపడ్డాడు. "ఒక్కరు చెయ్యండయ్యా. ఒక్కరే."

మేస్త్రికి గుండె మీద నుంచి ఇంజను దించినట్టుంది. చేతులు పోలేదు. బ్రేకు ఎదురు చెప్పలేదు. ఇన్నాళ్లూ ఆయన సరిగ్గానే చేశాడు. వాడూ సరిగ్గానే చేశాడు. ఇద్దరూ చెయ్యడమే తప్పు.

"బావా, నా మాట విను" అన్నాడు లప్పం. "వదులు చెయ్యకు. ఇటువైపు నన్ను బిగించనీ. పెడలు పైన ఉండగానే బ్రేకు దొరుకుతుంది. అక్కడ గీతల మధ్య ఆపాలి."

"బిగిస్తే షూ డ్రమ్ముకి రాసుకుంటుంది. పరుగు చస్తుంది."

"చస్తే చచ్చింది, ఆగుతుంది కదా."

"ఆగడానికా ఇంత దూరం వచ్చింది? బ్రేకు నా పని. చెయ్యి తియ్యి."

లప్పం బావ మొహంలోకి ఒకసారి చూశాడు. పానా నేల మీద పెట్టి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు. మేస్త్రి కుడి అడ్జస్టరుని వదులు చేశాడు. టక్కుమంది. తనిఖీలో బండి గీత గీసినట్టు నిలువుగా ఆగింది. మీసాలాయన తల ఊపాడు.

జెండా దిగింది. ఆ తర్వాతది చెప్పమంటే మేస్త్రి సరిగ్గా చెప్పలేడు. మొదటి మలుపు దగ్గర, కంచెకి ఇవతల నిలబడి ఇన్నేళ్లు అవతలివాళ్లని తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చాయి. ఆ తప్పులేవీ ఆయన చెయ్యలేదు. మూడో గేరు ఎప్పుడు వెయ్యాలో అప్పుడే వేశాడు. టైర్ల గుట్టలు చెవుల పక్కనుంచి జుయ్యిమని పోయాయి. ఇంజను పాడుతోంది. కిరసనాయిలు పోసి రోజూ బతిమాలిన ఇంజను. గాలికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. గాలికే.

చివరి మలుపు తిరిగాక గీతలు కనబడ్డాయి. రెండూ కనబడ్డాయి. అరచేతిలో గీతల్లా స్పష్టంగా. ఎక్కడ తొక్కాలనుకున్నాడో అక్కడే తొక్కాడు. పెడలు కాలు అనుకున్నదానికంటే కాస్త లోపలికి దిగింది. కాస్తే. రెప్పపాటే. అప్పుడు పట్టుకుంది. బండి అటూ ఇటూ వెంట్రుకవాసి తొణకకుండా, బుద్ధిగా, నిటారుగా వెళ్లి ఆగింది.

జనం చప్పట్లు కొట్టారు. బోర్డు దగ్గర మనిషి మేస్త్రి పేరు ఎదురుగా టైము రాశాడు. అప్పటిదాకా పరుగెత్తిన వాళ్లందరికంటే తక్కువ. మేస్త్రి సీట్లోంచే అటు చూశాడు. అక్షరాలు కూడబలుక్కోవలసిన పని లేకుండా చదవగలిగిన మాట లోకంలో ఆయనకి అదొక్కటే, తన పేరు. ఈలోగా మీసాలాయన ముందు చక్రం దగ్గర వంగాడు. లేచి, బోర్డువైపు చెయ్యి అడ్డంగా ఊపాడు. బోర్డు మనిషి గుడ్డ తీసి తుడిచేశాడు.

"దాటిందండీ" అన్నాడు మీసాలాయన, మెత్తగానే. "ఏం పెద్దాయనా, గీత సరిగ్గా కనబడలేదా?"

చుట్టూ మూగినవాళ్లలో టీ కొట్టు మొహాలు కొన్ని ఉన్నాయి. మేస్త్రి నోరు తెరిచేలోపు లప్పం అడ్డొచ్చాడు. "ఎండ ఎదురుగా కొడుతోందండీ. ఎవరికైనా కనబడదు. మా బావ చూపు గద్ద చూపు. ఆ చివర ఉన్న చీమ ఆడో మగో చెబుతాడు."

మేస్త్రి బావమరిదిని చూశాడు. చెమటలు కక్కుతూ, అబద్ధం ఆడుతూ, బావ చూపుకి తనే లప్పం పెట్టి రుద్దుతున్నాడు వెధవ. ఊరుకుంటే సరిపోతుంది. తప్పు ఎండ మీదికి పోతుంది. చూపూ మిగులుతుంది, చేతులూ మిగులుతాయి. ఎండ వచ్చి కాదనదు కదా.

"ఎండా లేదు, మన్నూ లేదు" అన్నాడు మేస్త్రి. "గీత దివ్యంగా కనబడింది. బ్రేకు కిందికి పోయింది. వీడు బిగించమన్నాడు. నేను వదులు చేశాను."

ఎవరూ నవ్వలేదు. లప్పం కూడా. ఆవిడ కొంగుతో స్టీరింగు మీది దుమ్ము తుడుస్తూ అటు తిరిగింది.

మేస్త్రి దిగాడు. రెండో గీత దగ్గర గొంతుక్కూర్చున్నాడు. టైరు అవతలి అంచు సున్నం దాటి నల్లగా కూర్చుని ఉంది. లప్పం కూడా పక్కనే పొట్ట సర్దుకుంటూ కూలబడి, బొటనవేలు గీత మీద ఆనించి, చిటికెన వేలు టైరు అవతలి అంచు దాకా చాపాడు.

"ఎంత?" అన్నాడు మేస్త్రి.

"జానెడు బావా."

"నీ చెయ్యి చిన్నది. తియ్యి."

మేస్త్రి తన చెయ్యి పెట్టాడు. మసి పట్టిన వేళ్లు ఎంత సాగితే అంత సాచి, సున్నం మీద ఆనించి, కొలత తప్పకుండా కాసేపు అలాగే ఉంచాడు. తర్వాత చెప్పాడు, జానెడుకి రెండు వేళ్లు తక్కువ.